ఎవరు ప్రస్తావించారు, ఎందుకు ప్రస్తావించారు: సైటేషన్ల లెక్క చెప్పేది, చెప్పనిది

పరిశోధన పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో ఒక పరిశోధకుడి పేజీ తెరిస్తే కుడివైపున చిన్న పట్టిక ఒకటి కనిపిస్తుంది. అందులో ఉండేవి మూడే వరుసలు: మొత్తం సైటేషన్లు (ఇతర పత్రాల్లో వచ్చిన ప్రస్తావనలు), హెచ్‌-ఇండెక్స్, ఐ10-ఇండెక్స్. ఒక పక్క ఆ వ్యక్తి వృత్తిజీవితం మొత్తానికి సంబంధించిన లెక్క, ఇంకో పక్క ఇటీవలి కొద్ది సంవత్సరాల లెక్క, వాటి కింద ఏ ఏడాది ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూపే కడ్డీల చిత్రం ఉంటాయి. ఇరవై ముప్పై ఏళ్లు ప్రయోగశాలలో గడిపిన మనిషి పని అరచేయంత జాగాలో ఇమిడిపోతుంది. నియామక సంఘాలు, పదోన్నతుల కమిటీలు, నిధులిచ్చే సంస్థలు, చివరికి పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కునే విద్యార్థులు కూడా మొదట చూసేది ఆ పట్టికనే.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఒక పరిశోధకురాలి పేరు మీద 84 పత్రాలు, 3,120 సైటేషన్లు, 27 హెచ్‌-ఇండెక్స్ ఉన్నాయనుకుందాం. ఇది గొప్ప రికార్డా, మామూలు రికార్డా? ఆమె శుద్ధ గణితంలో పనిచేస్తుంటే ఈ అంకెలు చూసి తోటివారు కనుబొమలు ఎగరేస్తారు. జీవవైద్య పరిశోధనలో నడివయసు శాస్త్రవేత్త అయితే ఎవరూ ప్రత్యేకించి పట్టించుకోరు. అంకెలు అవే, అర్థం మాత్రం అవి ఎక్కడివన్న దానిమీద ఆధారపడింది. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే ముందు అసలు సైటేషన్ అన్నది దేన్ని నమోదు చేస్తుందో చూడాలి.

లెక్క ఎలా మొదలైంది

పరిశోధన పత్రం రాసేవారు తాము ఆధారపడిన మునుపటి పనులను పత్రంలో ఎక్కడికక్కడ పేర్కొని, చివర వాటి జాబితా ఇస్తారు. అలా పేర్కొనడమే సైటేషన్. తెలుగులో ఉల్లేఖన అని కూడా అంటున్నాం. పేర్కొనడానికి కారణాలు ఒకటి కాదు. ఒకరి పద్ధతిని ఉన్నదున్నట్టు వాడుకున్నప్పుడు వారి పేరు చెప్తాం. ఒకరి ఫలితం మీద మన ఫలితాన్ని నిలబెట్టినప్పుడు చెప్తాం. అది తప్పని తేల్చేటప్పుడూ చెప్తాం. నేపథ్యం వివరించే మొదటి పేరాలో, పూర్తిగా చదవకపోయినా, పదిమందిని కలిపి ఒకే వాక్యం చివర చేర్చడం అందరూ ఎరిగిన అలవాటే. పత్రాన్ని సమీక్షించినవారు తమ పాత పత్రాన్ని చేర్చమని సూచించగా, గొడవెందుకని చేర్చే సందర్భాలూ ఉంటాయి. లెక్కపెట్టే కంప్యూటర్‌కు ఇవన్నీ సమానమే. ఒక్కో ప్రస్తావన ఒక్కో అంకె.

ఈ లెక్కకు మూలం శాస్త్రరంగంలో లేదు, న్యాయరంగంలో ఉంది. అమెరికా న్యాయవాదులు 1873 నుంచి షెపర్డ్స్ సైటేషన్స్ అనే సూచికను వాడుతూ వచ్చారు. ఒక పాత తీర్పును ఆ తర్వాత ఏయే కోర్టులు ఏయే కేసుల్లో ప్రస్తావించాయో అందులో ఉంటుంది. పైకోర్టు ఎప్పుడో కొట్టేసిన తీర్పును పట్టుకుని వాదనకు దిగితే పరువు, కేసు రెండూ పోతాయి కనుక, ఆ సూచికలో ప్రతి ప్రస్తావన పక్కన ఒక చిన్న అక్షరం వేసేవారు. తీర్పును అనుసరించారా, విమర్శించారా, రద్దుచేశారా అన్నది ఆ అక్షరం చూసి తెలుసుకోవచ్చు.

యూజీన్ గార్‌ఫీల్డ్ ఈ నమూనాను విజ్ఞానశాస్త్రానికి తీసుకువచ్చాడు. 1955లో సైన్స్ పత్రికలో ఈ ఆలోచనను ప్రతిపాదించి, 1960లో ఫిలడెల్ఫియాలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్‌ను స్థాపించి, 1960ల తొలి సగంలోనే సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను వెలువరించాడు. ఇప్పుడు వెబ్ ఆఫ్ సైన్స్‌గా తెలిసినది దాని వారసురాలే. దాని మొదటి ప్రయోజనం మనుషులను తూచడం కాదు, సమాచారాన్ని వెతకడం. పత్రం చివరి జాబితా పట్టుకుంటే గతంలోకి వెళ్లగలం. కానీ 1950లో వచ్చిన ఒక పత్రాన్ని ఆ తర్వాత ఎవరు సరిదిద్దారు, ఎవరు ముందుకు తీసుకువెళ్లారు అన్నది తెలియాలంటే కాలంలో ముందుకు నడిపించే దారి కావాలి. సైటేషన్ ఇండెక్స్ ఆ దారి వేసింది. తప్పులున్న పత్రాలను గుడ్డిగా ఉటంకించడం తగ్గుతుందన్నది గార్‌ఫీల్డ్ ఆశల్లో ఒకటి.

కోర్టుల నుంచి ప్రయోగశాలలకు జరిగిన ఈ బదిలీలో ఒక చిన్న వస్తువు జారిపోయింది. షెపర్డ్స్‌లో ప్రస్తావన పక్కన ఉండే ఆ అక్షరం శాస్త్రసూచికలోకి రాలేదు. ఎవరు ప్రస్తావించారన్నది నిలిచింది, ఎందుకు ప్రస్తావించారన్నది పోయింది. వెతుక్కునే పనిముట్టుగా ఉన్నంతకాలం దానివల్ల నష్టం లేదు, ఎందుకంటే వెతికినవాడు పత్రం తెరిచి చదువుతాడు. చదవడం మానేసి కూడడం మొదలుపెట్టినప్పుడే ఆ అక్షరం లేని లోటు తెలుస్తుంది. ఈ కొలతల మీద ఇప్పుడున్న తగవుల్లో చాలావాటి వేళ్లు అక్కడే ఉన్నాయని నా అభిప్రాయం.

హెచ్‌-ఇండెక్స్ దగ్గర కాస్త ఆగుదాం

2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగోలోని భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ఒక కొలత ప్రతిపాదించాడు. పరిశోధకుడి పత్రాలను సైటేషన్ల సంఖ్య ప్రకారం పైనుంచి కిందికి పేర్చాలి. ఎన్నో పత్రం వరకు ఆ స్థానసంఖ్య కన్నా సైటేషన్లు తగ్గకుండా ఉన్నాయో, ఆ సంఖ్యే హెచ్‌-ఇండెక్స్. మాటల్లో కొంచెం తికమకగా ఉంటుంది కనుక అంకెల్లో చూద్దాం. ఒకరికి పది పత్రాలున్నాయి. వాటికి వచ్చిన సైటేషన్లు వరుసగా 120, 45, 30, 12, 9, 6, 6, 3, 1, 0. ఆరో పత్రానికి ఆరు ఉన్నాయి, సరిపోయింది. ఏడో పత్రానికి ఏడు కావాలి, ఆరే ఉన్నాయి. కాబట్టి హెచ్‌-ఇండెక్స్ 6. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ సైటేషన్లున్న పత్రాలు నాలుగు కనుక ఐ10-ఇండెక్స్ 4. మొత్తం 232, సగటు 23.2. ఆ సగటును అందుకున్న పత్రాలు పదిలో మూడే అన్నది గమనించాలి; సైటేషన్లు ఎప్పుడూ కొద్ది పత్రాల దగ్గరే పోగుపడతాయి.

హెచ్‌-ఇండెక్స్‌లోని అందం ఏమిటంటే అది ఒక్క అదృష్ట పత్రానికి లొంగదు, ఎవరూ చూడని వంద పత్రాలకూ లొంగదు. పైన చెప్పిన వరుసలో మొదటి పత్రానికి 120 బదులు 12,000 వచ్చినా హెచ్ 6 దగ్గరే ఉంటుంది. దాని బలహీనత కూడా అదే. ఒక శాస్త్రాన్ని మలుపు తిప్పిన పత్రానికీ, ఓ మోస్తరు పత్రానికీ తేడా అది చూడదు. అదే సమయంలో, ఆరో పత్రానికి ఒకటి, ఏడో పత్రానికి ఒకటి, మొత్తం రెండంటే రెండు సైటేషన్లు చేరితే హెచ్ 7 అవుతుంది. తన తర్వాతి పత్రంలో తన పాత పత్రాలను ఎక్కడ ఉటంకిస్తే లాభమో తెలిసినవాడికి ఇది చాలు. పైనున్న పత్రాలకు పడిన వేల సైటేషన్లకు విలువ ఇవ్వాలన్న ఉద్దేశంతో లియో ఎగ్‌హే 2006లో జీ-ఇండెక్స్ అనే మరో కొలత తెచ్చాడు గానీ, పట్టికల్లో దానికి అంత చోటు దొరకలేదు.

ఇంకో చిక్కు అంత సులువుగా కంటపడదు. ఒకామెకు అయిదు పత్రాలు, ఒక్కోదానికి అయిదు సైటేషన్లు ఉన్నాయి, హెచ్ 5. ఇంకొకరికి నాలుగు పత్రాలు, ఒక్కోదానికి తొమ్మిది; హెచ్ 4. తర్వాత కొన్నేళ్లలో ఇద్దరూ సరిగ్గా ఒకే స్థాయి పని చేశారు: ఇద్దరికీ చెరో నాలుగు కొత్త పత్రాలు చేరాయి, ఒక్కోదానికి తొమ్మిదేసి సైటేషన్లు వచ్చాయి. ఇప్పుడు మొదటామె జాబితాలో నాలుగు తొమ్మిదులు, అయిదు అయిదులు ఉంటాయి. ఆరో పత్రం దగ్గర ఆరు లేవు కనుక హెచ్ 5 దగ్గరే ఆగిపోయింది. రెండోవారి దగ్గర ఎనిమిది తొమ్మిదులున్నాయి, హెచ్ 8. సమానంగా పనిచేసినా, ముందున్నామె వెనకబడింది, వెనకున్నవారు దూసుకుపోయారు. కొలబద్దకు ఉండకూడని గుణం ఇది.

హిర్ష్ మరో విషయం కూడా గమనించాడు. ఒక పరిశోధకుడి మొత్తం సైటేషన్లను హెచ్ వర్గంతో భాగిస్తే సాధారణంగా 3కూ 5కూ మధ్య వస్తుంది. మన ఉదాహరణలోని పరిశోధకురాలి 27ను వర్గం చేస్తే 729. 3,120ని దానితో భాగిస్తే దాదాపు 4.3. అంటే పట్టికలో ఒక అంకె తెలిస్తే రెండోదాన్ని చాలావరకు ఊహించవచ్చు. మూడు వరుసలున్నాయి కదా అని మూడు వేర్వేరు కోణాల నుంచి చూస్తున్నామనుకుంటే పొరపాటు. ఒకే కోణాన్ని మూడుసార్లు చూస్తున్నాం.

హెచ్‌-ఇండెక్స్ తగ్గదు. పరిశోధన మానేసినా, పదవీ విరమణ చేసినా, మరణించినా పెరుగుతూనే ఉండవచ్చు. అందుకే హిర్ష్ తన పత్రంలోనే దాన్ని మొదటి ప్రచురణ నుంచి గడిచిన సంవత్సరాలతో భాగించి చూడాలని సూచించాడు. ఇరవై ఏళ్ల తర్వాత హెచ్ 20 ఉంటే, అంటే ఏడాదికి ఒకటి చొప్పున పెరిగితే, అది విజయవంతమైన శాస్త్రవేత్త లక్షణమన్నాడు. అయితే ఇది భౌతికశాస్త్రాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క. పిల్లల పెంపకానికో, అనారోగ్యానికో మధ్యలో నాలుగేళ్లు ఆగినవారికి ఆ భాగహారం అన్యాయమే చేస్తుంది. తన కొలత దారుణంగా విఫలమయ్యే సందర్భాలూ ఉన్నాయని, దానివల్ల అనుకోని చెడు జరుగుతోందని 2020లో హిర్ష్ స్వయంగా రాశాడు. కొలతను కనిపెట్టినవాడే అలా అన్నా పట్టికలో అది అలాగే ఉంది.

జర్నల్ పరువు, పత్రం విలువ

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్న మాట పరిశోధకుల బయోడేటాల్లో విరివిగా కనిపిస్తుంది, కానీ అది పరిశోధకుడి కొలత కానే కాదు. ఒక జర్నల్ గత రెండేళ్లలో ప్రచురించిన పత్రాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పత్రాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. గ్రంథాలయాలు ఏ జర్నల్‌కు చందా కట్టాలో తేల్చుకోవడానికి అది పనికొచ్చేది. ఇది సగటు కాబట్టి, పైన చూసినట్టే, కొద్ది పత్రాలు దాన్ని మోస్తాయి, మిగతావి ఆ నీడన నిలబడతాయి.

యాక్టా క్రిస్టలోగ్రాఫికా సెక్షన్ ఏ అనే జర్నల్‌కు జరిగింది చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. స్ఫటికాల నిర్మాణాన్ని కనుక్కునే షెల్‌ఎక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములను రూపొందించిన జార్జ్ షెల్‌డ్రిక్, 2008లో ఆ ప్రోగ్రాముల చరిత్రను చెబుతూ అందులో ఒక పత్రం రాశాడు. ప్రోగ్రాములను వాడినవారు ఈ పత్రాన్ని ఉటంకించవచ్చని అందులోనే పేర్కొన్నాడు. ప్రపంచవ్యాప్తంగా స్ఫటికశాస్త్రజ్ఞులు ఆ ప్రోగ్రాములను వాడేవారే కనుక సైటేషన్లు వేలల్లో వచ్చిపడ్డాయి. అంతకుముందు రెండు చుట్టుపక్కల ఉన్న జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009లో దాదాపు 50కి చేరింది. రెండేళ్ల కిటికీ దాటిపోగానే మళ్లీ రెండు దగ్గరకు వచ్చేసింది. ఆ మధ్యకాలంలో అక్కడ పత్రం వేసుకున్న మరో పరిశోధకుడు తన బయోడేటాలో 50 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్ అని రాసుకుంటే అది అబద్ధం కాదు, కానీ ఆ అంకెకూ అతని పనికీ ఎలాంటి చుట్టరికం లేదు.

వాడకాన్నీ గొప్పతనాన్నీ ఒకటిగా చూడలేమని చెప్పడానికి ఇంతకన్నా పాత ఉదాహరణ ఉంది. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఆలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో ప్రచురించారు. 2014 నాటికి దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి; అత్యధికంగా ఉల్లేఖించిన పత్రాల అప్పటి జాబితాలో అదే మొదటిది. డీఎన్‌ఏ జంటమెలికల నిర్మాణాన్ని ప్రకటించిన వాట్సన్, క్రిక్‌ల 1953 పత్రం ఆ జాబితాలో మొదటి వందలో కూడా లేదు. లౌరీ పద్ధతి వాడిన ప్రతివారూ అది ఎక్కడిదో చెప్పాలి. డీఎన్‌ఏ జంటమెలిక అని రాసేవారికి ఆ అవసరం లేదు. ఆ జ్ఞానం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి అందరి సొత్తు అయిపోయింది. ఒక ఆవిష్కరణ శాస్త్రంలో ఎంత లోతుగా కలిసిపోతే మూలపత్రం పేరు అంతగా చెరిగిపోతుందని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ చాలాకాలం కిందటే గుర్తించాడు. బాగా విజయం సాధించినందుకే లెక్కలోంచి తప్పుకోవడం ఈ కొలతలోని వింత.

పేరు ఉన్నంత మాత్రాన

84 పత్రాలు అన్నప్పుడు వాటిలో ఆమె వాటా ఎంత? 2015లో యూరప్ కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని అట్లాస్, సీఎమ్‌ఎస్ బృందాలు హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద కలిసి వెలువరించిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకూ సంస్థలకే సరిపోయాయి. ఆ పత్రానికి వచ్చే ప్రతి సైటేషన్ ఈ అయిదు వేల మంది ఖాతాల్లోనూ నిండుగా ఒకటిగా పడుతుంది. పదిమంది రాస్తే తలా పదోవంతు వేసుకునే భిన్న పద్ధతి ఉంది, కానీ అందరికీ కనిపించే పట్టికలు దాన్ని వాడవు.

రచయితల వరుసక్రమం నుంచి ఏదైనా తెలుసుకుందామంటే అదీ రంగాన్ని బట్టి మారుతుంది. జీవవైద్యంలో ప్రయోగాల భారం మోసినవారి పేరు మొదట, ప్రయోగశాల అధిపతి పేరు చివర ఉండడం ఆనవాయితీ. గణితంలో, అర్థశాస్త్రంలో ఎక్కువగా అక్షరక్రమమే పాటిస్తారు. అక్కడ మొదటి పేరుకు విశేషమేమీ లేదు. ఎవరు ఆలోచన చేశారు, ఎవరు ప్రోగ్రాం రాశారు, ఎవరు నిధులు తెచ్చారు అని పధ్నాలుగు పాత్రలుగా విడదీసి చెప్పే క్రెడిట్ అనే వర్గీకరణను చాలా జర్నళ్లు ఇప్పుడు అడుగుతున్నాయి. మంచి పద్ధతే, అయితే సైటేషన్ల కూడికలోకి ఆ సమాచారం ఇంకా చేరలేదు.

రచయిత పేరు ఎంత బలహీనమైన సాక్ష్యమో చెప్పే ఒక సరదా ఉదంతం భౌతికశాస్త్రవేత్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1975లో జాక్ హెథరింగ్టన్ అనే ఆయన ఒక పత్రాన్ని ఒంటరిగానే రాసి, అలవాటుగా అంతటా మేము అని వాడాడు. ఒకే రచయిత ఉన్నప్పుడు అది జర్నల్‌కు నచ్చదని స్నేహితుడు హెచ్చరించాడు. టైప్‌రైటర్ కాలం, మళ్లీ మొత్తం కొట్టడం కన్నా రెండో రచయితను చేర్చడం సులువని తోచి, తన సియామీ పిల్లి చెస్టర్‌కు ఎఫ్. డి. సి. విల్లార్డ్ అని పేరు పెట్టి సహరచయితగా చేర్చాడు. పత్రం ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో అచ్చయింది. దాన్ని ఉటంకించిన ప్రతివారూ పిల్లి ఖాతాలో కూడా ఒక అంకె వేసినట్టే.

పేర్ల గందరగోళం ఇంకొకటి. ఒకే ఇంటిపేరు, ఒకే పొడి అక్షరాలతో వందలమంది ఉంటే పత్రాలు కలిసిపోతాయి. ఒకరే వేర్వేరు చోట్ల వేర్వేరు స్పెల్లింగులతో రాసుకుంటే చీలిపోతాయి. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే పదహారంకెల గుర్తింపు సంఖ్య దీన్ని చాలావరకు సరిచేసింది.

రంగం, కాలం, డేటాబేస్

రంగాల మధ్య తేడా గొప్పతనంలోది కాదు, అలవాట్లలోది. జీవవైద్య పత్రం చివర యాభై ఉల్లేఖనలు మామూలు. గణిత పత్రం చివర ఇరవై ఉంటే చాలా ఎక్కువే. ఒక రంగంలో తిరిగే సైటేషన్లు మొత్తం ఎన్ని ఉంటే అన్నే పంచుకోగలరు. పెద్ద జాబితాలు రాసే, ఎక్కువమంది ఉన్న, త్వరత్వరగా ప్రచురించే రంగంలో అందరి ఖాతాలూ పెద్దవిగానే కనిపిస్తాయి. అందువల్ల ఒక పత్రానికి వచ్చిన సైటేషన్లను, అదే రంగంలో అదే సంవత్సరం అదే రకం పత్రాలకు సగటున వచ్చినవాటితో భాగించి చూసే పద్ధతి వచ్చింది. ఒకటి వస్తే ప్రపంచ సగటు, రెండు వస్తే దానికి రెట్టింపు. ఉన్నవాటిలో కాస్త న్యాయమైన కొలత ఇదేనని నేననుకుంటాను. ఏ పత్రం ఏ రంగానిదన్న నిర్ణయం దగ్గర అదీ తడబడుతుంది, ముఖ్యంగా రెండు శాస్త్రాల సరిహద్దుల్లో చేసిన పనుల విషయంలో.

చిన్న రంగాల్లో అంకెలు తేలిగ్గా వంగుతాయి కూడా. అత్యధిక ఉల్లేఖనలు పొందిన పరిశోధకుల జాబితాను ఏటా ప్రకటించే క్లారివేట్ సంస్థ 2023లో గణితాన్ని ఆ జాబితా నుంచి పూర్తిగా తప్పించింది. తక్కువ సైటేషన్లు తిరిగే చోట కొద్దిమంది కలిసి ఒకరినొకరు ఉటంకించుకుంటే ఎవరైనా పైకి రాగలరన్నదే కారణం.

ఒకే మనిషికి వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఒక లెక్క, స్కోపస్‌లో ఒక లెక్క, గూగుల్ స్కాలర్‌లో ఒక లెక్క ఉంటాయి. మొదటి రెండూ ప్రధానంగా ఎంపిక చేసిన జర్నళ్లనే చూస్తాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే బయటపెట్టిన పత్రాలు), పుస్తకాలు, సదస్సుల పత్రాలు అన్నీ ఏరుకుంటుంది కనుక దాదాపు ఎప్పుడూ దానిలోనే పెద్ద అంకె కనిపిస్తుంది. కంప్యూటర్ సైన్స్‌లో ముఖ్యమైన పనులు సదస్సుల్లోనే వెలువడతాయి కాబట్టి వారికి అది న్యాయం చేస్తుంది, కానీ తలుపులు బార్లా తెరిచినచోట దొంగ సరుకు కూడా వస్తుంది. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ లబే, కంప్యూటర్ ప్రోగ్రాం పుట్టించిన అర్థంలేని పత్రాలు వందకు పైగా తయారుచేసి, ఒకదానిలో ఒకటి ఉటంకించేలా పేర్చి, ఐక్ అంట్కారే అనే లేని శాస్త్రవేత్త పేరు మీద ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఆ లేని మనిషి హెచ్‌-ఇండెక్స్ 94కు చేరింది.

కారణం లేని కూడిక

లబే చేసింది పరీక్ష కోసం. బతుకుతెరువు కోసం చేసేవారు ఇంత బాహాటంగా చేయరు. ఒకే అధ్యయనాన్ని మూడు ముక్కలు చేసి మూడు పత్రాలుగా వేయడం, పని చేయని పెద్దల పేరు చేర్చడం, తమ జర్నల్‌లోని పత్రాలను ఉటంకిస్తేనే అచ్చువేస్తామన్నట్టు సంపాదకులు సూచించడం, ఇవి అందరికీ తెలిసిన మార్గాలే. తన పనిని తాను ఉటంకించుకోవడంలో తప్పు లేదు. ఒకే సమస్య మీద పదేళ్లు పనిచేసేవారు నిన్నటి ఫలితాన్ని పేర్కొనక తప్పదు. నిష్పత్తిని చూడాలి. లక్షమంది శాస్త్రవేత్తల సైటేషన్లతో జాన్ అయొనిడిస్ బృందం 2019లో విడుదల చేసిన డేటాబేస్‌లో, తమకు వచ్చిన సైటేషన్లలో సగానికి పైగా తమ నుంచో, తమ సహరచయితల నుంచో వచ్చినవారు కనీసం 250 మంది ఉన్నట్టు తేలింది.

ప్రస్తావన పక్కన ఉండాల్సిన అక్షరం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్‌లో ప్రచురించిన పత్రాన్ని చూడాలి. పన్నెండు మంది పిల్లల పరిశీలనతో, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎమ్‌ఎమ్‌ఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉండవచ్చన్న అనుమానాన్ని అది రేపింది. 2010లో జర్నల్ దాన్ని ఉపసంహరించింది. ఆ పత్రానికి వెయ్యికి పైగా సైటేషన్లున్నాయి. వాటిలో అధికభాగం అది తప్పని చెప్పేవే. షెపర్డ్స్ సూచికలోనైతే ఆ పేరు పక్కన రద్దు అన్న గుర్తు పడేది; సైటేషన్ల కూడికలో అది ఒక విజయవంతమైన పత్రంలా కనిపిస్తుంది.

అటు చివర, లెక్కకు అందని పనులూ ఉన్నాయి. మెండెల్ బఠాణీ మొక్కల మీద 1866లో అచ్చువేసిన పత్రం 1900 వరకు దాదాపు ఎవరి కంటా పడలేదు. గ్రిగొరీ పెరెల్మన్ గణితంలో ప్రసిద్ధమైన పాంకరే ఊహకు నిరూపణను 2002, 2003ల్లో ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకున్నాడు, ఏ జర్నల్‌కూ పంపలేదు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ వెలికితీతలో కీలకపాత్ర వహించిన టు యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ అణువు నిర్మాణాన్ని చెప్పిన 1977 నాటి చైనా పత్రంలో వ్యక్తుల పేర్లే లేవు, పరిశోధన బృందం అని మాత్రమే ఉంది. 1964లో తన ప్రసిద్ధ పత్రం తర్వాత, హిగ్స్ బోసాన్‌కు తన పేరు ఇచ్చిన పీటర్ హిగ్స్ రాసిన పత్రాలు పదికి మించలేదు. ఈ రోజుల్లోనైతే తనకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికేది కాదని నోబెల్ అందుకున్న 2013లో ఆయనే అన్నాడు. ఇవి అరుదైన సందర్భాలే, వీటిని చూపి కొలతలన్నీ దండగ అనడం తొందరపాటు. సగటు పరిశోధకుల మధ్య, ఒకే రంగంలో, ఒకే వయసువారిని పోల్చినప్పుడు సైటేషన్లు నిపుణుల అభిప్రాయానికి చాలా దూరంగా ఏమీ పోవు. అయితే నియామకం అనేది సగటు మీద జరగదు, ఒక్క మనిషి మీద జరుగుతుంది.

పరిశోధక సమాజం దీన్ని పట్టించుకోలేదని కాదు. వ్యక్తుల పనిని తూచడానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వాడవద్దని కోరే శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 డిసెంబరులో రూపుదిద్దుకుని మరుసటి ఏడాది వెలువడింది. పది సూత్రాల లైడెన్ మ్యానిఫెస్టో 2015లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటనపై వేల సంస్థలు సంతకాలు చేశాయి. కొన్ని నిధుల సంస్థలు పత్రాల పూర్తి జాబితా వద్దని, ఎంచుకున్న కొద్ది పనుల గురించి మాటల్లో రాయమని అడుగుతున్నాయి.

మళ్లీ మన పరిశోధకురాలి దగ్గరకు వద్దాం: 84 పత్రాలు, 3,120 సైటేషన్లు, హెచ్ 27. ముందుగా పత్రాలను సైటేషన్ల వరుసలో పేర్చి పైనున్న అయిదింటిని చూడాలి. అవి సమీక్షా వ్యాసాలా, పద్ధతి చెప్పే పత్రాలా, కొత్త ఫలితాలా? వాటిలో ఆమె ప్రధాన రచయిత్రా, యాభైమందిలో ఒకరా? సొంత ఉల్లేఖనలు తీసేస్తే ఎంత మిగులుతుంది? కడ్డీల చిత్రం ఒక పాత పత్రం మీదే నిలబడిందా, కొత్త పనులు కూడా కడ్డీలను లేపుతున్నాయా? ఆ తర్వాత ఆమె స్వయంగా తన ఉత్తమ పని అనుకునే పత్రాన్ని ఎంచుకుని, దాన్ని ఈ మధ్య ప్రస్తావించిన పది పత్రాలు తెరిచి, ఆమె పేరు వచ్చిన ఒక్క వాక్యాన్ని మాత్రం చదవాలి. ఆమె చూపినట్టే మేమూ చేశాం అని ఉందా, ఆమె ఫలితం మాకు రాలేదు అని ఉందా, లేక ఇరవైమంది పేర్ల మధ్య ఆమె పేరు ఊరికే దొర్లిపోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒక పత్రానికి ఇలా అరగంట పడుతుంది. బల్లమీద రెండు వందల దరఖాస్తులున్న కమిటీకి ఆ అరగంటలు దొరకవు. పట్టిక అరక్షణంలో దొరుకుతుంది.